హెల్మెట్టు ఎవరి కొరకు?

మన హోసూరున అశోక్ లేలాండ్ లారీలు, టి.వి.ఎస్. మోటారు సైకిళ్లు తయారగుచున్నవని మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ బండ్లు కర్మాగారము దాటక పూర్వమే చట్టము వానిని పరీక్షించుచున్నది. గట్టిగా బ్రేకు వేసినను చక్రము బిగిసి బండి జారకుండ కాపాడు ఏ.బి.ఎస్. అను ఏర్పాటు, 125 సి.సి.కి మించిన క్రొత్త ద్విచక్ర వాహనములన్నిటికి 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి యైనది. దీనికి మన సమ్మతి అక్కరలేదు, బండితోడనే వచ్చును.

హెల్మెట్టు సంగతి వేరు. అది మన చేతిలోని నిబంధన, కనుకనే చెడినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 129వ సెక్షను బండి నడుపువానికే కాక వెనుక కూర్చున్నవారికిని దీనిని విధించినది. మదరాసు ఉన్నత న్యాయస్థానపు ఆజ్ఞపై 2015 జూలై 1 నుండి మన రాష్ట్రమున గట్టిగా అమలుపరచ నారంభించిరి. అయినను 2022లో హెల్మెట్టు లేక మరణించినవారు దేశమున 50,029 మంది యని కేంద్ర రవాణా శాఖవారి లెక్క. అందు 14,337 మంది వెనుక కూర్చున్నవారు!

వీరెవరు? శూలగిరి నుండి 44వ జాతీయ రహదారిపై, లారీల నడుమ, హోసూరు పెండ్లికి భర్త వెంట పోవు మన ఆడపడుచులవంటివారే. భర్త తలపై హెల్మెట్టు, భార్య తలలో పూలు. ఒడిలో బిడ్డ సరేసరి. తొమ్మిది నెలలు దాటి నాలుగేండ్లలోపు బిడ్డకు హెల్మెట్టు, నడుపువానితో కట్టు పట్టీ ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2023 ఫిబ్రవరి నుండి నియమము కలదు. మన ఇండ్లలో ఎందరెరుగుదురు?

ఇక వర్తకుడనై వర్తకులనే అనవలసియున్నది. ఐ.ఎస్.ఐ. ప్రమాణమునకు లోబడని హెల్మెట్టు తయారుచేయరాదు, అమ్మరాదు అని 2021 జూన్ 1 నుండి ఉత్తర్వు. అయినను రోడ్డు ప్రక్కన పలుచని టోపీలు కుప్పలుగా అమ్ముడుపోవుచున్నవి. అట్టిది పోలీసువాని కంటికి చాలును, తలకు చాలదు. హెల్మెట్టు మరణమును సుమారు 42 శాతము, తల గాయములను 69 శాతము తగ్గించునని పలు దేశముల పరిశోధనలను కూర్చి చూచినవారు తేల్చిరి. పగిలిపోవు టోపీకి ఈ లెక్క వర్తించునా? నాలుగు రూకల లాభమునకై దీనిని అమ్మువాడు మనవాడైనను సరే, సంఘమువారు పిలిచి అడుగవలెను.

అల్లునికి బండి పెట్టు ఆచారమును నేను మెచ్చను. పెట్టక తప్పదనువారు దానితో రెండు మంచి హెల్మెట్లు పెట్టుదురు గాక. రెండవది కూతురి కొలతకు చూచి కొనవలెను.