క్రిస్మసు కానుకగా వంటపాత్రలు

డిసెంబరు మాసము వచ్చినంతనే మా ఆర్మూరు బజారులోని పాత్రల దుకాణములు కళకళలాడుచుండును. ప్రెషరు కుక్కరులును, మిక్సీలును, పెనములును వరుసగా నమర్చబడి దారిన పోవువారిని పిలుచుచున్నట్లుండును. పండుగకు భార్యకేమి కొనవలెనని యోచించు గృహస్థు తరచుగా ఆ దుకాణపు మెట్లే యెక్కుచున్నాడు. భార్యకు క్రిస్మసు కానుకగా వంటపాత్ర నిచ్చుట తగునా, తగదా యను ప్రశ్నను మేమీ సంవత్సరము మా సంచిక చదువరుల యెదుట నుంచుచున్నాము. ఇది స్వల్ప విషయమని కొందఱు నవ్వవచ్చును. కాని యొక యింటిలో నెవరి శ్రమ యెవరి కంటికి కనబడుచున్నదో తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన కొలబద్ద మాకు దొరకలేదు.

మా ప్రాంతపు పంట క్రమము ఈ ప్రశ్నను మఱింత చిక్కుపఱచుచున్నది. జూన్ మాసమున నాటిన పసుపు జనవరి మొదలుకొని త్రవ్వబడును. త్రవ్విన కొమ్ములను ఉడికించి, దినములకొలది యెండబెట్టి, మెఱుగుపెట్టి, నిజామాబాదు మార్కెట్టు యార్డునకు తోలిన పిమ్మటనే రైతు చేతికి సొమ్ము వచ్చును. కావున క్రిస్మసునాటికి మా రైతుల సొమ్ము ఇంకను భూమిలోనే యుండును. 2025వ సంవత్సరము జనవరి 14వ తేదీన నిజామాబాదు ప్రధానస్థానముగా జాతీయ పసుపు బోర్డు ఆరంభమైనది గాని, పంట కాలమును ముందునకు జరుపుట దాని చేతిలో లేదు. చేయి బిగువుగా నున్న యిట్టి దినములలో, ఇంటికి కావలసిన వస్తువును భార్యకీయవలసిన కానుకను ఒక్కటిగా చేసికొనుట గృహస్థునకు మిక్కిలి యనుకూలముగా తోచును.

ఇచ్చట మేమొక సామ్యము చెప్పుదుము. పూర్వము పసుపును పెద్ద కడాయిలలో పోసి పొయ్యిమీద నుడికించెడివారు. ఇప్పుడు ఆవిరితో నుడికించు బాయిలర్లు పొలముకడకే వచ్చుచున్నవి. రైతు అట్టి యంత్రమును గాని, బోరుబావికి మోటారును గాని కొనినప్పుడు, ఇది భర్తకు పండుగ కానుక యని ఆ యింట నెవరైన ననుదురా? అది సేద్యపు ఖర్చు; ఇంటి లెక్కలో వ్రాయబడును. మఱి వంటయింటికి మిక్సీ కొనినప్పుడు మాత్రము అది భార్యకు చేసిన యుపకార మెట్లగును? దానిలో నూఱిన పచ్చడిని ఇంటిల్లిపాదియు తినుచున్నారు గదా! పొలపు పనిముట్టు సంసారపు ఖర్చనియు, వంటింటి పనిముట్టు భార్యకు బహుమానమనియు ఎంచినచో, పొలము అందఱిదనియు, వంట ఆమె యొక్కతెదనియు తీర్పు చెప్పినట్లే. ఇంటి సొమ్ముతో ఇంటికొఱకే కొని, ఇల్లాలికిచ్చితినని చెప్పుకొనుట అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లుండును.

అయినను వంటపాత్ర కానుకగా పనికిరాదని మేము వాదింపము. రోటిలో పిండి రుబ్బి రుబ్బి చేతులు కాయలు కాచిన యిల్లాలికి గ్రైండరు వచ్చిన దినము నిజముగా పండుగయే. మన దేశమున పేరొందిన సుమీత్ మిక్సీ పుట్టిన కథ యిందుకు నిదర్శనము. 1960ల దశకమున సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు భార్యయగు మాధురిగారి యొద్ద జర్మనీ దేశపు మిక్సీ యొకటి యుండెను. మన వంటలకు కావలసిన గట్టి దినుసులను నూఱజాలక అది కాలిపోయెను. మన వంటకు తగిన యంత్రమును మీరే చేయరాదా యని ఆమె భర్తనడిగెను. ఆయన పూని చేసిన యంత్రమే తరువాత సుమీత్ అను పేర నెన్నో యిండ్లకు చేరెను. ఆ వస్తువు ఆమె మాటనుండి పుట్టినది. ఏమి కావలెనో ఆమె చెప్పెను, ఆయన వినెను. ఆమె మాట వినక యిచ్చిన వజ్రపుటుంగరముకంటె, విని యిచ్చిన యినుప పెనము మేలని మా యభిప్రాయము.

కాని యంత్రము వచ్చినంతమాత్రమున విశ్రాంతి వచ్చునని భ్రమపడరాదు. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రకటించిన గ్రంథమున, ఇండ్లలోనికి యంత్రములు వచ్చినకొలది పురుషులును పిల్లలును చేయుచుండిన పనులు తగ్గెననియు, గృహిణి పని మాత్రము తగ్గలేదనియు వివరించెను. మన దేశపు సంగతియు చూడుడు. భారత ప్రభుత్వము 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, జీతములేని యింటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వానికై వెచ్చించుచున్నారు. 2019లో ఈ లెక్కలు 299, 97గా నుండెను. ఐదేండ్లలో స్త్రీలకు తగ్గినది పది నిమిషములు. పురుషులును తొమ్మిది నిమిషములు తగ్గించుకొనిరి! మా జిల్లాలో ననేక స్త్రీలు బీడీలు చుట్టి సంపాదించుచున్నారు. వారికి కూలి వేయి బీడీల లెక్కన ముట్టును. కుక్కరు మిగిల్చిన గడియ అట్టి యింట నెచ్చటికి పోవును? బీడీల చేటలోనికే పోవును. పాత్ర నిచ్చిన భర్త, అది మిగిల్చిన గడియను గూడ ఆమెకే యిచ్చెనా యని మేమడుగుచున్నాము.

ఆ పాత్ర యెవరిదను ప్రశ్నయు నున్నది. మన తల్లుల కాలమున పెండ్లినాడు పుట్టింటివారిచ్చిన యిత్తడి బిందెలపై పేరు చెక్కించెడివారు. అది వంటింటి వస్తువే యైనను, ఆ పేరు చదివినవారికి అది యెవరి సొత్తో తెలియుచుండెను. ప్రతిభారాణి వ్యాజ్యెమున 1985లో మన సుప్రీము కోర్టు, స్త్రీధనము అత్తవారింట అడుగిడినంతమాత్రమున ఉమ్మడి సొత్తు కాజాలదని తీర్పు చెప్పినది. కానుక యనగా పుచ్చుకొనినవారిదే. ఆమె దానిని ఇతరులకు ఎరువిచ్చినను, చెల్లెలికి బహూకరించినను, దాచియుంచినను అడుగు హక్కు ఇచ్చినవానికి లేదు. ఈ స్వాతంత్ర్యము లేనిచోట కానుక యను మాట వాడకుండుట మంచిది.

పండుగ కథనే తలంచుకొందము. తూర్పుదేశపు జ్ఞానులు బంగారమును, సాంబ్రాణిని, బోళమును తెచ్చి శిశువునకు సమర్పించిరి. అందు తమకు తిరిగి వచ్చునది యేదియు లేదు. మఱియు యోహాను సువార్త చివరి యధ్యాయమున, పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరమున నిప్పులమీద చేపను, రొట్టెను సిద్ధపఱచి, రాత్రియంతయు శ్రమించిన శిష్యులను భోజనమునకు పిలిచెను. ఆయన వారికి పాత్రలు పంచిపెట్టలేదు. స్వయముగా వండి వడ్డించెను. ఆయనకు తగనిది కాని పొయ్యి, ఆయన శిష్యులమని చెప్పుకొను మనకు తక్కువది యెట్లగును?

కావున గృహస్థులకు మా మనవి యిది. ఇంటికి కావలసిన పాత్రను ఇంటి లెక్కలో, ఏ దినమైనను కొనుడు; పండుగవఱకు దానిని నిలిపియుంచి భార్యను కనిపెట్టుకొని యుండునట్లు చేయకుడు. ఆమెయే కోరిన పాత్ర యైనచో సంతోషముగా కానుకగా నిండు. కాని దానిని త్రిప్పుటయు, కడుగుటయు మీరును నేర్చుకొనుడు. గల్ఫు దేశములకు పోయిన మా ప్రాంతపు పురుషులనేకులు అచ్చట గదులలో తామే వండుకొని, తామే గిన్నెలు తోముకొనుచున్నారు. ఆ విద్య సెలవుపై ఇంటికి వచ్చినంతనే మఱచిపోవలసినది కాదు. పండుగనాడు అంకాపురమునుండి నాటుకోడి కూర తెప్పించి, అన్నము మీరే వండి, ఆమెను ముందుగా కూర్చుండబెట్టి వడ్డించినచో, ఆమె యాకలిని మీరు తెలిసికొనినట్లగును.

విద్యార్థులారా! మీలో ననేకులు కొలది సంవత్సరములలో సంసారులు కాగలరు. బాలురు వంటయింటి గడప దాటుటకు పెండ్లివఱకు వేచియుండ నక్కఱలేదు. ఈ పండుగనాడే తల్లి చేతిలోని గరిటె నందుకొనవచ్చును. బాలికలు తమకేమి కావలెనో స్పష్టముగా చెప్పుట నేర్చుకొనవలెను. నోరు విప్పి యడుగుట పేరాస కాదు. మా చదువరుల యిండ్లలో ఈ క్రిస్మసునాడు ఎవరి చేతికి ఏ పాత్ర వచ్చినను, దాని బరువును మోయు చేతులు రెండు గాక నాలుగగు గాక యని కోరుచున్నాము.