గొడ్లకు కరెంటు కర్ర: తయారీకి ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

హోసూరు పక్క మన కుటుంబాలవాడే ఒక కుర్రాడు, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఆఖరి ఏడాది చదువుతున్నాడు. గొడ్లను తోలడానికి చేత్తో పట్టుకునే కరెంటు కర్ర ఒకటి తయారుచేసి, దాన్నే ప్రాజెక్టుగా చూపిస్తానని చెప్పి మమ్మల్ని సలహా అడిగాడు. వాళ్ల తాత నలభై ఏళ్లు సంతల్లో ఎద్దుల బేరం చేసిన మనిషి. లారీ పలక మీదికి ఎద్దును ఎక్కించబోతుంటే అది వెనక్కి తన్నుకుంది. తాత కిందపడి తుంటి విరిగింది. "ఆ రోజు చేతిలో ఇలాంటిది ఉంటే తాత ఎద్దుకు అంత దగ్గరగా వెళ్లేవాడే కాదు" అని కుర్రాడి వాదన.

వాదనలో న్యాయం లేదని అనలేం. కానీ ఇది ఒక్క కుర్రాడి ప్రాజెక్టు సంగతి కాదు. కృష్ణగిరి, తేని, దిండిగల్ జిల్లాల్లోనైనా, బళ్లారి, కోలారు వైపైనా, నాందేడ్, గంజాం పక్కనైనా మనవాళ్లలో చాలా ఇళ్లకు ఇప్పటికీ గొడ్లే ఆధారం. 2019 పశుగణన లెక్కల్లో దేశం మొత్తం మీద ఆవులు, ఎద్దులు కలిపి 19.25 కోట్లు, గేదెలు, దున్నలు దాదాపు 10.98 కోట్లు. ఇన్ని గొడ్లను తోలే చేతుల్లోకి ఒక కొత్త పనిముట్టు వస్తోందంటే, అది ఎలా పనిచేస్తుందో, చట్టం ఏమంటుందో ముందే తెలుసుకోవడం మన మేలుకే.

కర్ర లోపల ఏముంది

కరెంటు కర్ర పెద్ద బ్రహ్మవిద్య కాదు. పిడిలో బ్యాటరీ ఉంటుంది. దాని కొద్దిపాటి వోల్టేజీని ఒక చిన్న సర్క్యూటు తెంపులు తెంపులుగా మార్చి ట్రాన్స్‌ఫార్మర్‌కు పంపుతుంది. అక్కడ అది కొన్ని వేల వోల్టులకు పెరుగుతుంది. కర్ర చివర రెండు లోహపు మొనలు ఉంటాయి. అవి చర్మానికి తగిలి, మీట నొక్కితే, ఒక మొన నుంచి ఇంకో మొనకు ఆ కొద్ది మేర కండలోంచి కరెంటు పోతుంది. ఒళ్లంతా పాకదు. కానీ నొప్పి మాత్రం గట్టిగా ఉంటుంది.

అమ్మేవాళ్లు వోల్టుల అంకెను గొప్పగా చెబుతారు. ఆ అంకెను బట్టి ఏమీ తేలదు. ఎంత కరెంటు పోయింది, ఒక్కో దెబ్బలో ఎంత శక్తి ఉంది, ఆ దెబ్బ ఎంతసేపు ఉంది, మళ్లీ ఎంత సేపటికి తగిలింది అన్నవే అసలు లెక్కలు. చేలకు కట్టే కరెంటు కంచెను చూడండి. దానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఒక్కో దెబ్బలో శక్తి 5 జౌల్స్ దాటకూడదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య కనీసం ఒక సెకను ఎడం ఉండాలి. ఆ ఎడంలో పశువు కంచెను వదిలి పక్కకు పోగలదు.

కంచెకూ కర్రకూ తేడా ఇక్కడే ఉంది. కంచె ఉన్నచోటే ఉంటుంది. దాని దగ్గరికి పోవాలా వద్దా అన్నది పశువు ఇష్టం. ఒకసారి తగిలితే మళ్లీ అటు పోదు. కర్ర అలా కాదు, అది మనిషి చేతిలో ఉండి పశువు వెంట వస్తుంది. ఎప్పుడు ఆగాలో ఆ మనిషి ఓపిక మీద ఉంటుంది. ఎండలో పొద్దున్నుంచి లారీలకు ఎక్కిస్తున్న కూలివాడికి సాయంత్రానికి ఎంత ఓపిక మిగులుతుందో మనకు తెలియనిది కాదు.

ఎద్దు ఎందుకు ఆగుతుంది

పశువుల ప్రవర్తన మీద అమెరికాలో ఏళ్ల తరబడి పనిచేసిన టెంపుల్ గ్రాండిన్ అనే ప్రొఫెసర్ చెప్పేది ఒకటే: పశువు కదలనంటే, ముందు అది చూస్తున్న వైపు మీరూ చూడండి. నేల మీద నీడ, నీటి మడుగులో మెరుపు, వేలాడుతున్న గొలుసు, ఎదురుగా నిలబడ్డ మనిషి, వెలుతురులోంచి చీకట్లోకి పోవాల్సిన దారి, జారే పలక, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. అది తీసేస్తే పశువు దానంతట అదే నడుస్తుంది.

పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా చూస్తుంది కానీ సరిగ్గా తోక వెనక ఉన్నది దానికి కనపడదు. అక్కడి నుంచి పొడిస్తే ఎవరు పొడిచారో తెలియక తన్నుతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. దాని భుజానికి ముందు నిలబడితే వెనక్కి జరుగుతుంది, భుజానికి వెనక పక్కగా నిలబడి అడుగు వేస్తే ముందుకు నడుస్తుంది. గ్రాండిన్ దీన్ని బొమ్మలు గీసి పుస్తకాల్లో పెట్టింది. మన పెద్దలు బొమ్మ గీయలేదు గానీ మందను తోలేది ఈ తీరులోనే. దాపటెద్దును ఏ పక్క నుంచి అదిలించాలో, వలపటెద్దుకు గొంతు ఎంత చాలునో వాళ్లకు తెలుసు. తేని, దిండిగల్ వైపు రాజకంబళం కుటుంబాలవాళ్లు దేవుడి పేరున విడిచే తంబిరాన్ మాడును పనికి కట్టరు. ఆ మందను కదిలించేది అలవాటైన పిలుపే.

భయపడ్డ పశువు వల్ల మనకు వచ్చే నష్టం కూడా తక్కువ కాదు. బెదిరిన ఆవు పాలు చేపదు. పాలను దింపే హార్మోను పనిని భయం అడ్డుకుంటుంది. ఒక్కసారి షాకు తగిలిన చోటికి మళ్లీ రమ్మంటే పశువు మొండికేస్తుంది. అంటే ఇవాళ కర్రతో మిగుల్చుకున్న పది నిమిషాలు రేపు వడ్డీతో సహా పోతాయి.

చట్టం ఏమంటోంది

1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షన్, పశువును కొట్టడం, చిత్రహింస పెట్టడం, అనవసరమైన నొప్పి కలిగించడం నేరమంటుంది. కరెంటు కర్ర అన్న మాట ఆ సెక్షన్లో లేదు. కానీ అనవసరమైన నొప్పి అన్న మాటలో అదీ ఇమిడిపోతుంది. ఆ చట్టం కింద మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. దాన్ని పెంచుతూ 2022 నవంబరులో కేంద్రం ఒక ముసాయిదా బయటపెట్టి జనం అభిప్రాయాలు అడిగింది.

యాభై రూపాయలే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పశువు పనికిరాకుండా పోయేంత దెబ్బ తగిలితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఉంది. దాని కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. బండికి కట్టే పశువుల మీద 1965 నియమాలు మొనలు తేలిన కర్రను వాడొద్దంటాయి. అంటే మన ముల్లుగర్రకే అనుమతి లేదు. కాలినడకన తోలే పశువుల మీద 2001 నియమాలు ఇంకా గట్టివి. నడక పెంచడానికి కొరడాగానీ కర్రగానీ వాడకూడదు, ఒంటి మీద కారం పూయకూడదు అని విడమరిచి చెప్పాయి. మామూలు కర్రనే వద్దన్న చోట కరెంటు కర్రను చట్టం ఒప్పుకుంటుందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

పందేల సంగతి వేరే చెప్పాలి. 2014లో జల్లికట్టును నిలిపివేసిన సుప్రీంకోర్టు, 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణలను 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా సమర్థించింది. జల్లికట్టు, కంబళ, ఎడ్లబండి పందేలు అలా నిలిచాయి. కానీ ఆ తీర్పు ఊరికే వదిలేయలేదు. నియమాలు తు.చ. తప్పకుండా అమలు చేయించే బాధ్యత జిల్లా మేజిస్ట్రేట్లదని చెప్పింది. పశువుకు నొప్పి తగ్గించే కట్టుబాట్లు ఉన్నాయన్న ఆధారం మీదే ఆ సవరణలు నిలబడ్డాయి. పందెం గాడిలో ఒక కరెంటు కర్ర కెమెరాకు చిక్కితే, నష్టం అది పట్టుకున్నవాడి ఒక్కడిదే కాదు, ఆ పండుగనే నమ్ముకున్న ఊళ్లన్నిటిదీ.

బయటి దేశాలు గీసిన హద్దులు

కరెంటు కర్రను పూర్తిగా మానేయని దేశాలు కూడా దానికి హద్దు గీశాయి. ఐరోపా సమాఖ్య పశు రవాణా నియమాల ప్రకారం వీలైనంతవరకు దాన్ని వాడనేకూడదు. తప్పనిసరైతే పెద్ద పశువులు, పెద్ద పందుల మీద మాత్రమే వాడాలి. అదీ అవి కదలనన్నప్పుడు, ముందు వాటికి కదలడానికి చోటున్నప్పుడే. వెనక కాలి కండ మీదే తగలాలి, ఒక్క సెకను మించకూడదు, దెబ్బల మధ్య తగినంత ఎడం ఉండాలి. పశువు స్పందించకపోతే పదేపదే ఇవ్వకూడదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నియమావళి ఇంకా కొన్ని చేర్చింది. బ్యాటరీతో నడిచేదే వాడాలి. కళ్లు, మూతి, చెవులు, పొట్ట, మర్మస్థానాల మీద ఎప్పుడూ పెట్టకూడదు. గుర్రాలు, గొర్రెలు, మేకలు, దూడల మీద అసలు వాడకూడదు.

ముందు చోటున్నప్పుడే అన్న షరతును మరొక్కసారి చదవండి. ముందు ఎద్దు అడ్డం నిలబడి ఉంటే, వెనకదానికి ఎంత షాకు కొట్టినా అది ఎక్కడికి పోతుంది? మన సంతల్లో లారీల దగ్గర రోజూ కనపడే తతంగం ఇదే.

చేస్తే ఎలా చేయాలి

కుర్రాడికి మేము చెప్పింది ఇది. నీ యంత్రం ఆ హద్దులను మనిషి ఓపికకు వదిలేయకూడదు, సర్క్యూటులోనే కట్టేయాలి. మీట ఎంతసేపు నొక్కి పట్టుకున్నా ఒక సెకనుకు దానంతట అదే ఆగాలి. మళ్లీ పనిచేయడానికి కొన్ని సెకన్లు పట్టాలి. వరసగా కొన్నిసార్లు వాడితే చాలాసేపు మూగబోవాలి. మీటను నొక్కి ఇరికించే వీలు ఉండకూడదు. గోడ ప్లగ్గుకు తగిలించి వాడే దారి ఉండకూడదు. కర్ర ముందు ఒకసారి మోగాలి, లేదా గిరగిరమని కదలాలి, దానికి కదలకపోతేనే షాకు. కొన్నాళ్లకు చాలా పశువులు ఆ శబ్దానికే నడుస్తాయి. ఎన్నిసార్లు షాకు కొట్టిందో లెక్క చూపించే అంకె పిడి మీద ఉండాలి. అమెరికా కబేళాల తనిఖీలో గ్రాండిన్ పెట్టిన కొలత కూడా లెక్కే: వందకు ఇరవై ఐదు పశువులకు మించి కరెంటు కర్ర వాడితే ఆ చోటు తప్పినట్టు, ఐదుకు లోపైతే చాలా బాగున్నట్టు.

దోమల బ్యాటు సర్క్యూటును విప్పి కర్రకు బిగిస్తే చాలదా అన్న ఆలోచన రిపేరు తెలిసిన కుర్రాళ్లకు వస్తుంది. వద్దు. దోమను చంపడానికి చేసినదాంట్లో పైన చెప్పిన ఏ అడ్డూ ఉండదు. వానలో తడిసిన చేతికి ఎలా తగులుతుందో చెప్పలేం.

ఇంకో చిక్కు భాషది. యంత్రం మీద హెచ్చరికలు ఇంగ్లిషులోనో చైనా అక్షరాల్లోనో ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చే నియమాలు తమిళంలోనో, కన్నడంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో వస్తాయి. మన ఇళ్లలో మంద తోలే పెద్దలు తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవరు. రాష్ట్ర భాష కొంత వస్తుంది గానీ నియమాల కాగితం అర్థమయ్యేంత రాదు. కేసు పడ్డాక "నాకు తెలియదు సారూ" అంటే చెల్లదు. అందుకే కర్ర మీద అక్షరాలు కాదు, బొమ్మలుండాలన్నాం. ఎద్దు బొమ్మలో వెనక కాలి కండ పచ్చగా, మిగతా ఒళ్లంతా ఎర్రగా. పక్కన దూడ, మేక బొమ్మలు కొట్టేసి. ఇది చూసి ఎవరికైనా తెలుస్తుంది. అలాగే ఈ నియమాలను మన సంఘాల కూడికల్లో, పండుగ ముందు, నోటితో మన మాటలో చెప్పాలి. ఇందుకు ప్రభుత్వం అనుమతి అక్కర్లేదు.

ముందు పలక సంగతి

ఇంతా చెప్పాక మేము కుర్రాడిని ఒక ప్రశ్న అడిగాం. తాత పడ్డ రోజు ఎద్దు ఎక్కనన్న పలక ఎంత నిటారుగా ఉంది? అతనికి తెలియదు. ఐరోపా నియమం ప్రకారం పెద్ద పశువులకు ఏటవాలు 26 డిగ్రీల 34 నిమిషాలు దాటకూడదు. మామూలు లెక్కలో మీటరు ఎత్తు ఎక్కాలంటే కనీసం రెండు మీటర్ల దూరం నేల మీద ఉండాలి. 10 డిగ్రీలు దాటిన వాలుకు కాలు జారకుండా అడ్డ పట్టీలు ఉండాలి. మన సంతల్లో ఎక్కువ చోట్ల వాడేది ఒక పొట్టి పలక, అదీ నున్నగా అరిగింది. లేకపోతే ఒక మట్టి గట్టు.

సంతలో పశువుకింత అని రుసుము వసూలు చేస్తున్నారు. ఆ డబ్బులో కొంత పెట్టి ఒక సిమెంటు దిమ్మె, పక్కన గట్టి గోడ, పైన నీడ కట్టమని అడిగే హక్కు సంతకు వచ్చే ప్రతి మనిషికీ ఉంది. మన సంఘాలు అర్జీ పెట్టాల్సింది దీనికోసం. కరెంటు కర్ర ఎంత బాగా చేసినా, దిమ్మె లేని చోట అది రోజంతా మోగుతూనే ఉంటుంది. దిమ్మె ఉన్నచోట దాని అవసరం ఎప్పుడో ఒకసారి వస్తుంది.

కుర్రాడు ప్రాజెక్టు మానలేదు. మానమని మేమూ అనలేదు. వచ్చే సంత రోజున టేపు పట్టుకుని వెళ్లి, లారీ ఎత్తు, పలక పొడవు కొలిచి, ఎన్ని ఎద్దులు ఎక్కడ ఆగుతున్నాయో రాసుకొస్తానన్నాడు. తాతను కూడా బండిలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాడట. ఎద్దు ఎందుకు ఆగిందో చూడగానే చెప్పగలిగేది ఆయనే.