ఎవరు కొలిచారు?

నైపుణ్యం లేదన్నారు.

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచమన్నారు. సమ్మెతో 18 రోజులు షూటింగులు ఆగాయి. అప్పుడు నిర్మాతల వైపు నుంచి వచ్చిన మాట అది. ఇక్కడ పనితనం లేదు, బయటి నుంచి తెచ్చుకుంటాం అని. టీవీలో మీరూ విన్నారు. విని ఊరుకున్నారు.

ఎవరు కొలిచారు? ఏ పరీక్ష పెట్టారు? ఎప్పుడు? పనికి ముందు కావాల్సిన చదువునైనా కొలిచారా?

హైదరాబాద్ కృష్ణానగర్‌లో తెల్లారకముందే షూటింగు వ్యాను కోసం నిలబడ్డ మనిషిని ఒక్కరైనా అడిగారా, అన్నా, నీకు చదవడం వచ్చా అని?

ప్యాకప్ అయ్యాక చేతికిచ్చే వోచర్ చూడండి. పేరు, పని, కాల్‌షీట్, బత్తా, అడ్వాన్సు కోత, మొత్తం. లైట్‌మ్యాన్ వేలు సరాసరి అడుగునున్న గడికే పోతుంది. సంతకం గీస్తాడు. పైన ఏం రాశారో తెలియదు. సంతకం పెట్టాడు కదా, చదువొచ్చినట్టే అనుకుంటాం. ప్రభుత్వ లెక్కలూ అంతే. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ అక్షరాస్యత 83 శాతం. ఇంటికొచ్చి అడిగారు, చెప్పింది రాసుకున్నారు. ప్రతి ఒక్కరి చేతికీ కాగితమిచ్చి చదవమనలేదు.

చదవలేకపోతే ఏమవుతుందో మీకు తెలీదా? ఓవర్‌టైమ్ గంటలు తగ్గించి రాసినా పట్టుకోలేడు, యూనియన్ కార్డు గడువు దాటినా తెలియదు, లొకేషన్ మారిందని వాట్సాప్ వస్తే టీకొట్టు కుర్రాడితో చదివించుకుంటాడు, ఆ కుర్రాడు లేని రోజు కూలీ పోతుంది, జనరేటర్ మీద హెచ్చరిక ఇంగ్లీషులో ఉంటే బొమ్మ చూసి ఊహించుకుంటాడు, 20 ఏళ్లు లైట్లు మోసినా కొత్త ఎల్ఈడీ ప్యానెల్ మెనూ అర్థంకాక కేబుళ్లు చుట్టడం దగ్గరే ఆగిపోతాడు, దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు ఫారం ఎవరో నింపాలి, వాళ్లు తప్పు నింపితే ఇంట్లో పొయ్యి వెలగదు, ఇంతా చేసి వీడికి పని రాదని మైకు ముందు మాట పడాలి.

సిగ్గనిపించడం లేదా?

పరీక్ష లేక కాదు. కేంద్రం 2022లో మొదలుపెట్టిన వయోజన విద్యా పథకం, ఇప్పుడు ‘ఉల్లాస్’ అంటున్నది, ఉంది. 15 ఏళ్లు దాటిన, చదువురాని వాళ్ల కోసమే. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకి 50 మార్కులు. ఫిలింనగర్‌లో ఏ స్టూడియో ఫ్లోర్‌లోనైనా ఆ పరీక్ష పెట్టగా చూశారా? ఒక్క ఆదివారం బెంచీలు వేయడానికి ఎంతవుతుంది? ఒక సినిమాలో ఒక్క పాటకి పెట్టే ఖర్చులో ఎన్నో వంతు?

సమ్మె ముగిసినప్పుడు మూడేళ్లలో 22.5 శాతం దాకా పెంచుతామని ఒప్పందం రాసుకున్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ కాగితంలో ఏముందో, అది వర్తించే వాళ్లలో ఎంతమంది సొంతంగా చదవగలిగారు?

ఫిలిం ఛాంబర్‌కి తెలుసా? కార్మికుల ఫెడరేషన్‌కి తెలుసా?

మొదటి ఆట టికెట్ కోసం కొట్టుకునే మీకు?

నిర్మాతలూ, వాళ్లను కూర్చోబెట్టండి. చదివించి చూడండి. రానిదాన్ని పని గంటల్లోనే, కూలీ కోయకుండా నేర్పండి. నైపుణ్యం సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.

ఏ సెట్‌లో మొదలుపెడుతున్నారు?