సేవ పొందేవారేనా, చేసేవారు కారా?

క్రిస్మస్‌కు మన సంఘాలు వికలాంగులకు దుప్పట్లు, బియ్యం పంచుతాయి. మంచిదే. కాని వైద్య శిబిరానికి వాలంటీర్ల పేర్లు రాసుకునేటప్పుడు వారిని ఎవరూ అడగరు. "పాపం, వారికెందుకు కష్టం" అంటారు. ఈ జాలి మాకు నచ్చదు.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టరు మేరీ వర్గీస్ గారికి 1954లో జరిగిన ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమెకూ ఒక దుప్పటి ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే?

అందరూ డాక్టర్లు కానక్కరలేదు. క్షయ మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి. ఒళ్లు కాస్త తేలికపడగానే కొందరు మానేస్తారు. అటువంటివారికి వారం వారం ఫోన్ చేసి "మందు వేసుకున్నారా అమ్మా" అని పలకరించడానికి చూపుతో పనేముంది? నడవలేని సహోదరుడు ఓ.పి. చీటీల బల్ల దగ్గర కూర్చుని రోగులకు దారి చెప్పగలడు. వినికిడి లేని సహోదరికి చేయవలసింది కాగితం మీద రాసిస్తే శిబిరంలో బరువులు చూసి నమోదు చేస్తుంది.

అయితే వాలంటీర్ల మీటింగు మేడమీద పెట్టి రమ్మంటే ఎలా వస్తారు? కింది గదిలో పెట్టాలి. ఆటో ఖర్చు సంఘమే భరించాలి. ఏ పని ఇష్టమో వారినే అడగాలి. వచ్చే శిబిరానికి జాబితా రాసే పెద్దలు ముందుగా ఆ ఇళ్లకు వెళ్లాలని మా మనవి.