మాండొలిను, జాజు, బహుమానము

జాజనగా మన పెరటిలోని జాజి కాదు. అమెరికాలో నల్లజాతివారు కల్పించిన సంగీతము. మన స్వరకల్పనయందువలెనే అందును మనోధర్మమే ప్రాణము.

2009లో గ్రామీ బహుమానమునకై సమకాలిక జాజు విభాగమున ఐదు సంపుటములను ఎంచిరి. అందు రెంటిలో మాండొలిను మ్రోగినది. 'మైల్స్ ఫ్రం ఇండియా'లో వాయించినవారు మా కోరుకొండకు గోదావరి కావలనున్న పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాసుగారు; జాన్ మెక్లాఫ్లిను 'ఫ్లోటింగ్ పాయింట్'లో వారి తమ్ముడు రాజేషుగారు. బహుమానము రాండీ బ్రెకరునకు పోయెను. అందులకు మాకు చింత లేదు. జాబితాలో మొదటిదానికి 'పలువురు కళాకారులు' అనియు, రెండవదానికి మెక్లాఫ్లిననియు మాత్రమే యుండెను; అన్నదమ్ముల పేర్లు వెదకికొనవలసినదే! ఇదియే మాకు కష్టముగా నున్నది.

శ్రీనివాసుగారి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిను రాదు. వారు పాడుచుండగా బాలుడు విని వాయించెడివాడు. ఇంట బిడ్డలకు చదువు చెప్పుకొను మనకు ఈ మాట యెంత ధైర్యము!

1998లో వారికి పద్మశ్రీ లభించెను. మెక్లాఫ్లిను, జాకీర్ హుస్సేనుగార్ల 'రిమెంబర్ శక్తి' బృందమున ఏండ్లతరబడి వాయించి, 2014లో, నలువదియైదవ యేటనే గతించిరి. ఆ బృందమే 'శక్తి' యను తొంటి పేర మరల కూడి వెలువరించిన 'దిస్ మొమెంట్'నకు 2024లో విశ్వసంగీత విభాగమున గ్రామీ వచ్చెను. అందు మాండొలిను లేదు. తొలి కృతికి మాత్రము శ్రీనివాసుగారిని తలచుకొని 'శ్రీనీస్ డ్రీమ్' అని పేరిడిరి.