అమ్మమ్మ దీవెన ఏ భాషలో?



ప్యూర్టో రికో దీవిలోని గృహములలో ఒక చక్కని అలవాటున్నది. పిల్లవాడు ఇంటినుండి బయలుదేరేటప్పుడు, రాత్రి పండుకొనబోయే ముందు పెద్దల దగ్గరకు వచ్చి "బెందిసియోన్" అంటాడు. దీవించమని అడగడమన్నమాట. "దియోస్ తే బెందీగా" అంటుంది అమ్మమ్మ. దేవుడు నిన్ను దీవించును గాక అని దాని అర్థము. ఆ కుటుంబాలు బ్రతుకుతెరువు కోసం న్యూయార్కు వంటి నగరాలకు వెళ్లినప్పుడు ఈ అలవాటునూ వెంట తీసుకొనిపోయాయి. కాని అక్కడ బడి ఇంగ్లీషు, వీధి ఇంగ్లీషు, టీవీ ఇంగ్లీషు. కొన్నేళ్లకు అమ్మమ్మ స్పానిష్‌లో అడిగితే మనుమడు ఇంగ్లీషులో బదులు చెబుతాడు. వాడి పిల్లల నాటికి చాలా ఇండ్లలో అడిగిందే అర్థము కాదు. మూడవ తరము వచ్చేసరికి భాష పోవడము వలస కుటుంబాలలో తరచుగా కనబడే సంగతి.

నేడు అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు నాలుగు కోట్లకు పైగా ఉన్నారు. ఆ తల్లిదండ్రులను బాధించే ప్రశ్న మనకు కొత్త కాదు. ఇంట్లో మన భాషే మాట్లాడితే పిల్లవాడు ఇంగ్లీషులో వెనుకబడిపోడా?

ఈ భయము ఊరకే పుట్టలేదు. టెక్సాస్ రాష్ట్రములో మార్ఫా అనే చిన్న ఊరున్నది. అక్కడ బ్లాక్‌వెల్ అనే బడి మెక్సికన్ కుటుంబాల పిల్లలకు ప్రత్యేకించినది, అంటే తెల్లవారి పిల్లల నుండి వేరుచేసినది. 1954లో ఆ బడిలో ఒక "సమాధి కార్యక్రమము" జరిగింది. ఇక స్పానిష్ మాట్లాడనని పిల్లలచేత చీటీలు వ్రాయించి, వాటిని పెట్టెలో పెట్టి, జెండా కొయ్య దగ్గర పాతిపెట్టించారు. ఆ తరువాత కూడా నోరుజారి తల్లి భాష మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడేవి. అలా దెబ్బలు తిన్నవారు తాము తల్లిదండ్రులైనప్పుడు, నా బిడ్డకు ఈ అవమానము వద్దనుకొని ఇంట్లో స్పానిష్ మానివేశారంటే వారిని తప్పుపట్టగలమా? 2007లో ఆ పూర్వ విద్యార్థులే, తలలు నెరిసినవారు, అదే చోట మరల కూడుకొని, స్పానిష్ నిఘంటువును మట్టిలోనుండి పైకి తీసే కార్యక్రమము జరిపించుకొన్నారు. 2022లో ఆ బడిని జాతీయ చారిత్రక స్థలముగా చేయు చట్టము వచ్చింది.

మరొక ప్రక్క ఫ్లోరిడాలోని మయామీ నగరములో, కోరల్ వే అనే బడిలో, 1963లోనే రోజులో కొంతసేపు ఇంగ్లీషులోను, కొంతసేపు స్పానిష్‌లోను పాఠాలు మొదలుపెట్టారు. క్యూబానుండి వచ్చిన పిల్లలూ, ఇంగ్లీషు పిల్లలూ ఒకే బడిలో చదివారు. రెండు భాషలు ఒక చిన్న తలలో పడతాయని ఆ బడి చూపించింది.

ఇక ఇంటి సంగతి. పిల్లవాడు ఒకే వాక్యములో రెండు భాషలు కలిపితే వాడికి మతి చెడిందని భయపడనక్కరలేదు. ఏ మాట ముందుగా నోటికి వస్తే దానినే వాడుకొంటాడు. ఒక్క భాషలోని మాటలే లెక్కపెడితే తక్కువగా తోస్తాయి. రెండింటివీ కలిపి లెక్కించాలి. కొన్ని కుటుంబాలలో తల్లి స్పానిష్, తండ్రి ఇంగ్లీషు అని పంచుకొంటారు. కొందరు గడప లోపల స్పానిష్, గడప దాటితే ఇంగ్లీషు అని నియమము పెట్టుకొంటారు. రెండూ మంచివే. అసలు కష్టము పిల్లవాడు బడికి వెళ్లడము మొదలుపెట్టి, తల్లి అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పే రోజున వస్తుంది. ఆ రోజున తల్లి కూడా ఇంగ్లీషుకు మారిపోతే పని అయిపోయినట్లే. ఓపికగల తల్లి పోట్లాడదు. వాడన్న మాటనే స్పానిష్‌లో తిరిగి చెప్పి, సంభాషణ సాగిస్తుంది. భాష తినిపించేది గద్దింపు కాదు, కథలూ, కబుర్లూ, వంటింటి పనులూ.

ఒక హెచ్చరిక కూడా చెప్పవలసియున్నది. ఇంగ్లీషు రాని తల్లి డాక్టరు దగ్గరకు వెళ్తే పదేళ్ల బిడ్డ మధ్య నిలబడి తర్జుమా చేస్తుంటాడు. తల్లి రోగము గూర్చి తల్లికంటే ముందు బిడ్డ వినడము మంచిది కాదు. రెండు భాషలు వచ్చిన బిడ్డ ఇంటికి పెద్ద కాకూడదు.

లేఖనములలో నెహెమ్యా, యూదుల భాష రాని పిల్లలను చూచి ఎంత కోపపడెనో 13వ అధ్యాయములో చదువుతాము. కోపము సంగతి అలా ఉంచి, మాకు తిమోతి ఇల్లు ఎక్కువ నచ్చుతుంది. తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లి యూదురాలు. అయినను విశ్వాసము అవ్వ లోయి నుండి తల్లి యునీకేకు, ఆమెనుండి బిడ్డకు అందినది. ఆ ఇంట్లో అవ్వ మాట బిడ్డకు అర్థమయ్యే ఉండాలి గదా!

మేమీ సంగతి దూరదేశము వారి గూర్చి వ్రాస్తున్నాము గాని, మా ఇంట్లో మేము చేసినదీ అదే తప్పు. పాపను ఇంగ్లీషు మీడియంలో వేసినప్పుడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని మేమే చెప్పాము. ఒకసారి ఊరినుండి తాతగారు వచ్చి, కుటుంబ ప్రార్థనలో పాపను కీర్తన చదవమన్నారు. పాప తెలుగు బైబిలు తెరిచి, అక్షరాలు కూడబలుక్కోలేక, ఏడ్చింది. తాతగారు ఏమీ అనలేదు. మాకే తల ఎత్తుకోలేకపోయింది.

ఇప్పుడు శనివారము రాత్రి ఫోనులో పాప ఒక కీర్తన చదువుతుంది, ఆయన వింటారు. పోయిన వారము "కృపాక్షేమములు" దగ్గర మూడుసార్లు ఆగింది. ఆయన అందించలేదు, కాచుకొని ఉన్నారు. నాలుగోసారికి పలికింది.