‘మా ల్యాప్‌టాప్‌లో రన్ అవుతోంది సార్’ అంటే ఉద్యోగం రాదు

రెజ్యుమెలో ప్రాజెక్టుల కింద గిట్‌హబ్ లింక్ ఇస్తున్నారు. మంచిదే. మరి ఇంటర్వ్యూ చేసే మనిషి నిజంగానే ఆ లింక్ నొక్కి, కోడ్ దించుకుని, తన సిస్టమ్‌లో రన్ చేసి చూస్తే? చాలామంది ఫ్రెషర్ల ప్రాజెక్టుల్లో కనిపించేది స్క్రీన్ నిండా ఎర్రటి ఎర్రర్లు. ‘బాబూ, నీ ప్రాజెక్ట్ రన్ అవ్వట్లేదు, కాస్త చూడు’ అని ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ట్యాబ్ మూసేసి తర్వాతి రెజ్యుమె తెరుస్తారు, అంతే.

తొంభై ఎనిమిది శాతం యాక్యురసీ అని రాసుకున్న ఐదు ప్రాజెక్టుల కంటే, ఎవరి సిస్టమ్‌లోనైనా, ఆరు నెలల తర్వాతైనా ఒకేలా రన్ అయ్యే ఒక్క చిన్న ప్రాజెక్ట్ మేలు. ఇది నా అభిప్రాయం. కానీ కాలేజీలో ఈ సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ. ల్యాబ్ ఎగ్జామ్‌లో అదే సిస్టమ్, అదే ఫోల్డర్. అవుట్‌పుట్ చూపిస్తే మార్కులు పడిపోతాయి. అమీర్‌పేటలో కోర్సు చేసినా, యూట్యూబ్‌లో నేర్చుకున్నా మన దృష్టంతా కోడ్ మీదే. ఆ కోడ్ ఏయే లైబ్రరీల భుజాల మీద నిలబడిందో చూడం.

ఒక నిజమైన ఉదాహరణ చెప్తాను. 2023 సెప్టెంబర్ చివర్లో వెర్క్‌జ్యూగ్ అనే పైథాన్ లైబ్రరీ 3.0 వెర్షన్ వచ్చింది. ‘నేను ఆ పేరే వినలేదు’ అంటారా? మీరు ఫ్లాస్క్ వాడి ఉంటే, లోపల పని చేసేది అదే. ఆ కొత్త వెర్షన్‌లో ‘యూఆర్ఎల్ కోట్’ అనే పాత ఫంక్షన్ తీసేశారు. ఫ్లాస్క్ 2.2 దాన్నే పిలుస్తుంది. పైగా ఫ్లాస్క్ 2.2 తనకు కావలసిన వెర్క్‌జ్యూగ్ ‘కనీసం ఇంత’ ఉండాలని చెప్పిందే గానీ, ‘ఇంతకు మించకూడదు’ అని చెప్పలేదు. దాంతో, రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో ఫ్లాస్క్ వెర్షన్ కచ్చితంగా రాసి పెట్టుకున్న జాగ్రత్తపరుల ప్రాజెక్టులు కూడా, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఇంపోర్ట్ ఎర్రర్‌తో ఆగిపోయాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. నిన్న పనిచేసింది, ఇవాళ లేదు.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఏమిటంటే, మీరు రాసుకున్న పేర్లు నాలుగే అయినా, వాటి వెనక వచ్చే పేర్లు నలభై ఉండొచ్చు. ఆ నలభైలో దేనికి పట్టు లేకపోయినా బిల్డ్ మీ చేతిలో లేనట్టే. వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అని రాస్తారు చూడండి, వెర్షన్ లేని రిక్వైర్‌మెంట్స్ ఫైల్ అలాంటిదే. చేయి తిరిగిన వాళ్లకి ఫర్వాలేదు. మెషీన్‌కి చేయి తిరగదు కదా.

‘పిప్ ఫ్రీజ్ కొడితే సరిపోతుందిగా’ అంటారు కొందరు. ఏమీ లేనిదానికంటే మేలే. కానీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లేకుండా కొడితే, మీ ల్యాప్‌టాప్‌లో మూడేళ్లుగా పేరుకున్న లైబ్రరీలన్నీ ఆ ఫైల్‌లోకి వచ్చేస్తాయి. చాట్‌బాట్ ప్రాజెక్టులో గేమ్ లైబ్రరీ ఎందుకుందని అడిగితే ఏం చెప్తారు? అందులో మీరు కోరి తెచ్చుకున్నది ఏదో, దాని వెంట వచ్చింది ఏదో కూడా తెలియదు.

అందుకే లాక్ ఫైల్. మీకు నేరుగా కావలసినవి ఒక చోట రాస్తారు. పిప్ టూల్స్, పొయెట్రీ, యూవీ లాంటి టూల్ మొత్తం చెట్టును లెక్కగట్టి, ప్రతి లైబ్రరీ వెర్షన్‌నీ దాని హ్యాష్‌తో సహా ఇంకో ఫైల్‌లో రాసిపెడుతుంది. హ్యాష్ ఎందుకంటే, ఒకే వెర్షన్ నంబర్ కింద విండోస్‌కి ఒక ఫైల్, లినక్స్‌కి ఒక ఫైల్, సోర్స్ ఒక ఫైల్... ఇలా చాలా ఉంటాయి. మీరు పరీక్షించిన ఫైల్, వాళ్లు దించుకున్న ఫైల్ ఒకటేనని నంబర్ చెప్పలేదు, హ్యాష్ చెప్తుంది. ఏళ్ల తరబడి ఒక్కో టూల్‌ది ఒక్కో లాక్ ఫైల్ పద్ధతి. 2025లోనే పైథాన్‌కి ఉమ్మడి ఫార్మాట్ ఆమోదం పొందింది. నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు యూవీ నేర్చుకోండి. పైథాన్ వెర్షన్‌ని కూడా అదే తెచ్చిపెడుతుంది. ఆ వెర్షన్ కూడా ముఖ్యమే. 2023 అక్టోబర్‌లో వచ్చిన 3.12లో డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్ తీసేశారు, దాని మీద ఆధారపడ్డ పాత ప్యాకేజీలు ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోయాయి.

జావాస్క్రిప్ట్ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. అక్కడ లాక్ ఫైల్ దానంతటదే తయారవుతుంది, నిజమే. కానీ దాన్ని గిట్‌లో పెట్టకుండా వదిలేసేవాళ్లు ఎంతమందో! సర్వర్ మీద ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ కాకుండా ‘ఎన్‌పీఎం సీఐ’ వాడాలి. మొదటిది అవసరమనుకుంటే లాక్ ఫైల్‌ని మార్చేస్తుంది, రెండోది ప్యాకేజీ ఫైల్‌తో పొంతన లేకపోతే ముందుకు కదలదు. ఈ తేడా ఇంటర్వ్యూలో చెప్పగలిగితే ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, ప్రపంచమంతా బిల్డ్‌లు కూలిపోయాయి. అలాంటప్పుడు లాక్ ఫైల్ కూడా కాపాడదు, ఎందుకంటే ఫైలే లేదు. కంపెనీలు లైబ్రరీల కాపీలు సొంత సర్వర్లలో పెట్టుకునేది ఇందుకే.

ఇక డాకర్. ‘డాకర్‌లో పెట్టేశాం, ఇక టెన్షన్ లేదు’ అనే మాట సగమే నిజం. తయారైన ఇమేజ్ మారదు, ఒప్పుకుంటాను. కానీ డాకర్‌ఫైల్ మొదటి లైన్‌లో ‘లేటెస్ట్’ అని రాస్తే, ఆ పేరు ఇవాళ ఒక ఇమేజ్‌ని చూపిస్తుంది, వచ్చే నెల ఇంకోదాన్ని. ‘3.12 స్లిమ్’ అన్నా కూడా అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా దాని వెనక ఇమేజ్ మారుతుంది. లోపల లాక్ ఫైల్ లేకుండా పిప్ ఇన్‌స్టాల్ ఉంటే, మళ్లీ మొదటి కథే. బేస్ ఇమేజ్‌ని డైజెస్ట్‌తో పట్టుకోండి, లోపల లాక్ ఫైల్ పెట్టండి.

అసలైన రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ అంటే ఇంకా కఠినం. ఇద్దరు వేర్వేరు మనుషులు బిల్డ్ చేస్తే వచ్చే ఫైల్ బైట్ కూడా తేడా లేకుండా ఉండాలి. పైథాన్ తయారుచేసే కంపైల్డ్ ఫైళ్లలో మామూలుగా సోర్స్ ఫైల్ మారిన సమయం దాగి ఉంటుంది. అదొక్కటి చాలు, తేడా రావడానికి. డెబియన్ వాళ్లు ఏళ్లుగా ఈ పని మీదే ఉన్నారు. ఇంత చాదస్తం ఎందుకంటే, 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారం చూడండి. విడుదల చేసిన ప్యాకేజీలో, గిట్‌లో లేని స్క్రిప్ట్ ఒకటి దూర్చారు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీర్ ఆరా తీస్తే దొరికింది. మనకు కనిపించే కోడ్, మనం ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్ ఒకటేనా అని ఎవరైనా సరిచూడగలగాలి, అదీ అవసరం. అలాగని ఫైనలియర్‌లో కూర్చుని నిక్స్ నేర్చుకోమనను. అది ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు.

‘డీఎస్‌ఏ ప్రాక్టీస్‌కే టైమ్ లేదు, ఇవన్నీ ఎక్కడ?’ అనే ప్రశ్న వస్తుందని తెలుసు. ఆన్‌లైన్ టెస్ట్ దాటడానికి డీఎస్‌ఏ కావాలి, కాదనను. ఇది మాత్రం ఒక్క ఆదివారం పని. మీ ప్రాజెక్టుల్లో మంచిది ఒకటి ఎంచుకోండి. లాక్ ఫైల్ తయారుచేసి గిట్‌లో పెట్టండి, పైథాన్ వెర్షన్ రాయండి, రీడ్‌మీలో మూడు కమాండ్లు ఇవ్వండి. తర్వాత ఎప్పుడూ ఆ ప్రాజెక్ట్ చూడని హాస్టల్ రూమ్మేట్‌కి లింక్ పంపి, వాడి ల్యాప్‌టాప్‌లో రన్ చేయమనండి. మీరు పక్కనే కూర్చోండి గానీ నోరు తెరవకండి. ‘ఆగు, ముందు అది ఇన్‌స్టాల్ చేయాలి’ అని చెప్పబుద్ధేసిన ప్రతి చోటా ఒక లైన్ రాసుకోండి. ఆ లైన్లే మీ రీడ్‌మీలో లేనివి.